వారానికి నాలుగు రోజులకు మించి రానివ్వని జిమ్: ఆరు నెలల చందా తరువాత

గత నవంబరులో భీమవరంలోని ఈ జిమ్‌లో ఆరు నెలల చందా కట్టినప్పుడు నా చేతికి ఇచ్చిన కార్డు మీద వారానికి నాలుగు గడులు మాత్రమే ఉన్నాయి. ఏడు ఉండవలసిన చోట నాలుగే ఉన్నాయేమిటని అడిగితే, అది అచ్చుతప్పు కాదని, వారంలో నాలుగు రోజులకు మించి ఎవరినీ బరువులు ఎత్తనివ్వకపోవడం తమ పద్ధతి అని కౌంటరు దగ్గరి అమ్మాయి చెప్పింది. అయిదో రోజున వేలిముద్ర పెడితే యంత్రం ఒప్పుకోదు, తలుపు తెరుచుకోదు. ఆరు వేల రూపాయలు పోసి తలుపు బయట నిలబడే హక్కు కొనుక్కున్నట్టుందే అని నాకు ఆ పూట అనిపించింది. ఇంటికి వచ్చి చెబితే మా అత్తగారు ఇంకా సూటిగా, "డబ్బు కట్టి ఇంట్లో కూర్చోవడమేమిటమ్మా? ఊరికే కూర్చుంటే అడిగేవాళ్ళెవరు?" అన్నారు. చందా గడువు ముగిసి, మళ్ళీ కట్టాలా వద్దా అని లెక్క చూసుకున్నప్పుడు, ఆ ఆరు వేలకు దక్కిన మేలులో ఎక్కువ వంతు నన్ను వెనక్కి పంపిన రోజుల వల్లనేనని ఒప్పుకోవలసి వచ్చింది.

జిమ్ పేరు రాయడం లేదు. మెచ్చుకోళ్ళతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి గనుక, వాటిని యజమానికి ముందే ముఖాముఖి చెప్పాను గనుక, ఇక్కడ పేరు పెట్టి రచ్చ చేయడం మర్యాద కాదు.

నా వయసు 41. భీమవరానికి దగ్గరలోని ఒక మండలంలో ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతాను. ఇంతకు ముందు వేరే ఊళ్ళో ఇంకో జిమ్‌కి వెళ్ళేదాన్ని. అక్కడ ముప్పై రోజుల ఛాలెంజ్ అని ఒకటి పెట్టి, ఒక్క రోజు కూడా మానకుండా వచ్చినవారి ఫోటోలు గోడకు అంటించేవారు. చిన్నప్పటి నుంచి హాజరుపట్టీలో నూటికి నూరు తెచ్చుకున్న మనిషిని కావడం వల్ల ఆ గోడ మీద నాకు ఆశ పుట్టింది. 24 రోజులు వరుసగా వెళ్ళాను. మొదటి పది రోజులు ఎత్తే బరువు పెరిగింది, తరువాత పెరగడం ఆగింది, ఆ తరువాత తగ్గడం మొదలైంది. రాత్రి నిద్ర పట్టేది కాదు, పట్టినా మూడింటికే మెలకువ వచ్చేది. పొద్దున్న పక్క మీద నుంచి లేవకముందే నాడి చూసుకుంటే నిమిషానికి 74 దగ్గర ఉండవలసింది 84 దాటేది. తరగతిలో పిల్లల మీద అకారణంగా విసుక్కునేదాన్ని. ఇవన్నీ శ్రమ ఎక్కువై, కోలుకునే వ్యవధి తక్కువైన ఒంటిలో కనబడే గుర్తులేనని నాకు అప్పటికి తెలియదు. పట్టుదల చాలడం లేదని అక్కడి ట్రైనర్ అంటే, కాబోలు అనుకుని ఇంకో సెట్టు, అంటే ఇంకో విడత, ఎక్కువ చేసేదాన్ని. ఇరవై అయిదో రోజున డంబెల్ తల మీదికి ఎత్తుతుంటే కుడి భుజం కలుక్కుమంది. ఎముకల డాక్టరు గారు పరీక్షించి, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు వాచిందని, ఆరు వారాల పాటు ఆ చేత్తో బరువు ముట్టుకోవద్దని చెప్పారు. కండరానికి అందినంత రక్తం స్నాయువుకు అందదు గనుక అది నెమ్మదిగా బలపడుతుందని, కండరం సిద్ధమైపోయినా స్నాయువు ఇంకా సిద్ధం కాని దశలోనే ఇలాంటి దెబ్బలు తగులుతాయని ఆయన ఓపికగా వివరించారు. నా ఫోటో గోడ ఎక్కలేదు. ఆ తరువాత నాలుగు నెలల పాటు నల్లబల్ల పై వరుసలో రాయాలంటే ఎడమ చేత్తో కుడి మోచేతిని ఆనుకుని రాయవలసి వచ్చింది.

ఈ జిమ్‌లో మొదటి రోజున నన్ను ఆకట్టుకున్నది కూడా ఒక గోడే. ఫోటోలు ఉండవలసిన చోట ఒక పెద్ద కాగితం మీద వంకర గీత ఒకటి గీసి పెట్టారు. వ్యాయామం తరువాత ఒంటి సత్తువ ఎలా మారుతుందో చూపే ఆ గీత మొదట కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి, మొదలైన మట్టం కంటే కొంచెం ఎత్తుకు చేరుతుంది. ఒంటి మీద ఒత్తిడి పడినప్పుడు అది మొదట తడబడి, తరువాత తట్టుకుని, ఒత్తిడి ఆగకపోతే చివరకు చతికిలబడుతుందని హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ఎలుకల మీద చేసిన పరిశీలనల నుంచి చెప్పిన సంగతిని వ్యాయామ శిక్షకులు తరువాతి కాలంలో అరువు తెచ్చుకుని, తమకు కావలసినట్టు ఇలా మలుచుకున్నారు. గీత పైకి లేచే భాగం పక్కన ఎవరో స్కెచ్ పెన్నుతో "ఇది మీ ఇంట్లో జరుగుతుంది" అని రాశారు. ఆ ఒక్క వాక్యం ఈ జిమ్ పద్ధతికి సరిగ్గా సరిపోతుంది.

కోచ్ కాళ్ళ అనే మండలం వైపు నుంచి వచ్చిన కుర్రవాడు, రొయ్యల చెరువుల కుటుంబం. ఈ ప్రాంతపు ఆక్వా రైతుల పిల్లలకు ఏ విషయాన్నైనా చెరువులోకి దించి చెప్పడం అలవాటు. నాలుగు రోజుల నిబంధన మీద నేను వాదన పెట్టుకున్నప్పుడు అతను అన్న మాటలు దాదాపు యథాతథంగా గుర్తున్నాయి: "మేడమ్ గారండీ, పట్టుబడి అయిన చెరువులో మర్నాడే మళ్ళీ పిల్ల వదిలేస్తారాండీ? నీళ్ళు తీసేసి, ఎండగట్టి, నేల బీటలిచ్చాక దున్ని, సున్నం చల్లి, అప్పుడు కదండీ నీళ్ళు పెట్టేది. ఆ రోజులన్నీ చెరువు ఖాళీగా పడున్నట్టాండీ?" వరి పండించే ఇంట్లో పుట్టిన నాకు చెరువు కంటే కాలువ మాట త్వరగా తలకెక్కుతుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలు కట్టేసే ఆ వేసవి వారాల్లోనే కదా తూములు బాగుచేసేదీ, పూడిక తీసేదీ, గట్లకు మట్టి వేసేదీ. నీళ్ళు పారుతున్నప్పుడు ఆ పనులు చేయడం ఎవరి తరమూ కాదు.

ఉపమానాలు పక్కన పెడితే, బరువులు ఎత్తాక విశ్రాంతినిచ్చే ఆ రెండు మూడు రోజుల్లో ఒంట్లో నిజంగా జరిగేదేమిటన్నది తెలుసుకోదగ్గ విషయం. బరువు ఎత్తినప్పుడు కండరం బలపడదు, అలసిపోతుంది, కండరపు పోగులు కంటికి కనబడనంత సూక్ష్మంగా దెబ్బతింటాయి. దెబ్బతిన్న చోట కొత్త పదార్థం కట్టుకునే పని వ్యాయామం ముగిశాక ఊపందుకుని, ఇంచుమించు 24 నుంచి 48 గంటల దాకా మామూలు కంటే ఎక్కువ వేగంతో సాగుతుంది. కండరంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే ఇంధనం బాగా తరిగిపోతే, సరిగా అన్నం తిన్నా మళ్ళీ నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. వీటి మధ్యలో అదే కండరం మీద మళ్ళీ బరువు వేస్తే కట్టిన గోడ ఆరకముందే దాని మీద ఇంకో వరుస పేర్చినట్టవుతుంది. అందుకే ఒకే కండరాల గుంపుకు రెండు పూటల వ్యాయామం మధ్య కనీసం 48 గంటల ఎడం ఉండాలని శిక్షణ నిపుణులు సాధారణంగా సలహా ఇస్తారు. ఇక్కడ మొదట నాకిచ్చిన పట్టికలో సోమవారం కాళ్ళు, మంగళవారం పై శరీరం, బుధవారం సెలవు, గురువారం మళ్ళీ కాళ్ళు, శుక్రవారం మళ్ళీ పై శరీరం, శనివారం నడక, ఆదివారం పూర్తి విశ్రాంతి. అంటే కాళ్ళకు ఒకసారి మూడు రోజులు, ఒకసారి నాలుగు రోజుల ఎడం దొరుకుతుంది. నాలుగు రోజులు చాలవేమోనన్న బెంగ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థమైన శ్రమతో పాటు బలం పెంచే వ్యాయామం కనీసం రెండు రోజులు చేయమని మాత్రమే చెబుతున్నాయి.

ఒళ్ళు నొప్పుల గురించి కూడా ఇక్కడ నా అపోహ ఒకటి తొలగింది. కాళ్ళ వ్యాయామం చేసిన రోజున బాగానే ఉండి, మర్నాడో ఆ మర్నాడో మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తాయి. అది లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్లనని పాత జిమ్‌లో చెప్పేవారు, దాన్ని "కరిగించడానికి" మర్నాడు కూడా రమ్మనేవారు. ఆ ఆమ్లం వ్యాయామం ఆగిన గంట లోపలే దాదాపుగా రక్తం నుంచి తొలగిపోతుంది. 24 నుంచి 72 గంటల మధ్య ముదిరే ఈ నొప్పి కండరం సాగుతూ బరువు మోసినప్పుడు దానికి తగిలిన సూక్ష్మమైన దెబ్బలకు, వాటి చుట్టూ వచ్చే వాపుకు సంబంధించినది. కరిగించడానికి అక్కడ ఏమీ ఉండదు. నొప్పి ఉన్నంత మాత్రాన కదలకూడదనీ లేదు, తేలికగా నడిస్తే కొంత ఉపశమనం కూడా దొరుకుతుంది. అయితే మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారి, కండరాలు వాచి, విపరీతంగా నొప్పి పెడితే మాత్రం అది మామూలు ఒళ్ళు నొప్పి కాదని, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని చేరిన రోజునే ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఇంత జాగ్రత్త పాటించే జిమ్ ఈ చుట్టుపక్కల నేను ఇంకొకటి చూడలేదు.

సెలవు రోజుకు కూడా ఇక్కడ ఒక పట్టిక ఉంది. అరగంట నడక, అది కూడా పక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగా. మా ఊరి కాలువ గట్టు మీద తెల్లవారుజామున ఆ అరగంట గడపడం ఈ ఆరు నెలల్లో నాకు దొరికిన అదనపు లాభం. తిండి విషయంలో నేను చేసిన తప్పును కోచ్ రెండో వారంలోనే పట్టుకున్నాడు. పని లేని రోజున తిండెందుకని సెలవు రోజుల్లో గుడ్లు, చేపలు మానేసి పెరుగన్నంతో సరిపెట్టుకునేదాన్ని. మరమ్మతు జరిగేది ఆ రోజే అయినప్పుడు ఇటుకలు ఆ రోజే మానేయడమేమిటని అతని ప్రశ్న. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు, అంటే అప్పటికి 64 కిలోలున్న నాకు 53 గ్రాములు. బరువులెత్తేవారికి 1.4 గ్రాములు, ఆ పైన కావాలని క్రీడా పోషకాహార నిపుణులు అంటారు, అంటే దాదాపు 90 గ్రాములు. కోడిగుడ్లకు తణుకు, చేపలకు చుట్టూ ఉన్న చెరువులు ఉండగా ఈ గోదావరి జిల్లాలో ఆ అంకె చేరడం కష్టమేమీ కాదు. మూడు గుడ్లు, మధ్యాహ్నం పప్పు, పెరుగు, రాత్రికి రెండు ముక్కలు శీలావతి చేప పులుసు ఉంటే చాలావరకు దగ్గరికి వచ్చేస్తుంది. డబ్బాల పొడి కొనమని ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. కౌంటరు వెనక అలాంటి డబ్బాలు లేనే లేవు. నిద్రకు మాత్రం గట్టి పట్టు పడతారు. పెద్దలకు రాత్రికి ఏడు గంటలకు తగ్గకూడదన్నది అందరూ చెప్పే మాటే గానీ, ఇక్కడ నిద్రపోయిన గంటలను పుస్తకంలో రాయించుకుని, మూడు రాత్రులు వరుసగా ఆరు గంటల లోపు ఉంటే ఆ రోజు బరువులు సగం చేస్తారు.

ఆ పుస్తకం గురించి రెండు మాటలు చెప్పాలి. నోటు పుస్తకంలో నాలుగు నిలువు గీతలు గీసి, రోజూ పొద్దున్న లేవగానే నాడి, నిద్ర గంటలు, ఒళ్ళు నొప్పి, మనసు ఎలా ఉందన్నది రాసుకోవాలి. చేతి గడియారాల్లో ఈ లెక్కలన్నీ వేసి వందకు ఇంత అని మార్కులిచ్చే రకాలు ఉన్నాయి, మా బ్యాచ్‌లో ఇద్దరికి ఉన్నాయి కూడా. కోచ్ వాటిని కాదనడు గానీ, పుస్తకమే చూస్తాడు. నాడి మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువగా ఉంటే ఆ పూట పెద్ద బరువులు ఉండవు. ఇది కేవలం ఒక కొలబద్ద, జ్వరం రాబోయే ముందు కూడా నాడి పెరుగుతుంది, రాత్రి వేడికి నిద్ర చెడినా పెరుగుతుంది. అయినా మార్చిలో పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేషన్ పడిన పది రోజులూ, అప్పటిదాకా తగ్గుతూ వచ్చిన నా నాడి 76 నుంచి కిందికి దిగలేదు. ఆ రోజుల్లో నేను ఎత్తిన బరువు ముందటి వారాల కంటే ఎక్కువేమీ కాదు. పరీక్ష గదిలో మూడు గంటలు నిలబడడం, ఏ పొరపాటు జరుగుతుందోనన్న ఆందోళన, ఎండలో ప్రయాణం, ఇవన్నీ ఒంటికి బరువుల ఖాతాలోనే జమ అవుతాయని ఆ అంకెలను చూశాకే నాకు అర్థమైంది. ఆ రెండు వారాలూ నన్ను సగం బరువులతోనే సరిపెట్టమన్నారు.

ఇక నా ప్రధానమైన ఫిర్యాదు. ఇందులో నేర్పు ఎంత ఉన్నా ఈ పట్టికను తయారుచేసినవారు ఆదివారం నాడు మన ఇళ్ళలో ఏం జరుగుతుందో ఎన్నడూ చూసినట్టు లేదు. కరపత్రంలో "ఆదివారం: పూర్తి విశ్రాంతి" అని లావు అక్షరాలతో అచ్చు వేశారు. మా ఇంట్లో ఆదివారం అంటే వారం బట్టలు, ఇల్లు కడగడం, వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బడం, బజారు నుంచి వచ్చిన చేపలు తోమడం, మధ్యాహ్నం భోజనానికి వచ్చే ఆడపడుచు కుటుంబం, వారు వెళ్ళాక గిన్నెలు. డిసెంబరులో నాలుగు ఆదివారాలు ఫోను జేబులో పెట్టుకుని అడుగులు లెక్క పెట్టాను. జిమ్‌కి వెళ్ళిన రోజున ఎనిమిది వేల పైచిలుకు ఉన్న అడుగులు, "పూర్తి విశ్రాంతి" రోజున పదకొండు వేలు దాటాయి. అందులో వంగి లేచినవీ, బిందెలు మోసినవీ లెక్కలోకి రావు. ఆ మర్నాడే సోమవారం కాళ్ళ వ్యాయామం. సోమవారాల్లో నా స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేచే వ్యాయామం) ఎప్పుడూ గురువారం కంటే తక్కువగా ఎందుకుంటోందో పుస్తకం చూసి తల పట్టుకుంటున్న కోచ్‌కు ఈ లెక్క చూపించాను. కుర్రవాడు నిజంగానే నివ్వెరపోయాడు. అతని ఇంట్లోనూ ఆదివారం చేపలు ఎవరో ఒకరు తోముతూనే ఉంటారు గదా, చూసి ఉండడు.

అతని గొప్పతనం ఏమిటంటే వాదించలేదు. వారం తిరగకుండానే నా పట్టిక మార్చి, మంగళ, బుధ, శుక్ర, శనివారాలకు బరువులు పెట్టి, ఆదివారాన్ని "తేలికపాటి పని" అని రాసి, సోమవారాన్ని అసలైన విశ్రాంతి రోజు చేశాడు. సోమవారం బడి ఉంటుంది గానీ ఇంటిపని ఆదివారమే అయిపోయి ఉంటుంది గనుక, ఇంటికి వచ్చాక గంటసేపు కాళ్ళు చాపుకుని కూర్చోవడం నాకు ఆ రోజే కుదురుతుంది. ఫిబ్రవరి నుంచి స్క్వాట్‌లో ఆ తేడా పోయింది. మా బ్యాచ్‌లో మరో ముగ్గురు ఆడవాళ్ళు ఇదే పట్టికకు మారారు. అయితే కరపత్రంలో లావు అక్షరాల ఆదివారం ఇప్పటికీ అలాగే ఉంది, కొత్తగా చేరేవారికి అడిగితే తప్ప రెండో పట్టిక సంగతి ఎవరూ చెప్పరు. ఈ మార్పుల పుణ్యమా అని మా వారు చేపలు తోమడం నేర్చుకున్నారు, పులుసు దాకా ఇంకా రాలేదు.

రెండో ఫిర్యాదు రికవరీ రూమ్ మీద. జనవరిలో లోపలి గదికి చల్లటి రంగులు వేసి, ఐసు నీళ్ళ తొట్టి ఒకటి, కాళ్ళకు తొడిగితే గాలి నింపి నొక్కే సంచులు, గుద్దినట్టు కొట్టే మసాజ్ యంత్రాలు పెట్టారు. పది నిమిషాలకు మూడు వందల రూపాయలు. విశ్రాంతి అంటే ఖర్చు లేని పని అని అంతవరకూ నేర్పిన చోటే దానికి టిక్కెట్టు పెట్టడం నాకు నచ్చలేదు. పైగా బరువులెత్తిన వెంటనే చన్నీళ్ళలో కూర్చోవడం కండ పెంచుకోవాలనుకునేవారికి మేలు చేయకపోగా చెరుపు చేయవచ్చు. 2015లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పన్నెండు వారాల పాటు ప్రతి వ్యాయామం తరువాత పది నిమిషాలు చన్నీళ్ళలో ఉన్నవారికి, తేలికగా సైకిలు తొక్కినవారి కంటే కండరమూ బలమూ తక్కువగా పెరిగాయి. వరుసగా పోటీలు ఆడే క్రీడాకారుడికి మర్నాటికి నొప్పి తగ్గడమే ముఖ్యం గనుక అతని సంగతి వేరు. నేను ఒకసారి దిగి చూశాను. ఒళ్ళు కొయ్యబారి బయటికి వచ్చాక, మా ప్రాంతంలో ఐసు వేసేది చేపల పెట్టెలకని, ఆ అలవాటును మనుషులకు పాకించనక్కర్లేదని కోచ్‌తో అన్నాను. మసాజ్ యంత్రం హాయిగానే ఉంది, కానీ ఆ హాయి ఇంట్లో నువ్వుల నూనె రాసుకుని వేడినీళ్ళతో తలంటు పోసుకుంటే కూడా దొరుకుతుంది, మూడు వందలూ మిగులుతాయి. ఒక మూలన పెట్టిన ఫోమ్ రోలర్లు, అంటే కండరాల కింద పెట్టి దొర్లించుకునే దిండ్లు, మాత్రం ఉచితం, అవి చాలు.

ప్రతి ఆరో వారం "లైట్ వీక్" పెడతారు. అవే వ్యాయామాలు, బరువులు ఇంచుమించు సగం, సెట్లు తక్కువ. మొదటిసారి ఇది చందా డబ్బులు ఎగ్గొట్టే ఎత్తుగడలా కనబడింది. సంక్రాంతి వచ్చాక అనుమానం తీరింది. భోగి నుంచి ముక్కనుమ దాకా జిమ్ మూత, ఆ ముందూ వెనకా బంధువులు, అరిసెలు, సున్నుండలు, మొత్తం పన్నెండు రోజులు నేను బార్, అంటే బరువులు తగిలించే ఇనుప కడ్డీ, ముట్టుకోలేదు. అంతా పోయిందనుకుంటూ వెళితే మొదటి రోజున పాత బరువు తేలికగా లేచింది, మూడో రోజున అంతకు ముందెన్నడూ ఎత్తని బరువు ఎత్తాను. రెండు మూడు వారాల విరామంలో బలం పెద్దగా తగ్గదని, దమ్ము మాత్రం కొంత త్వరగా తగ్గుతుందని అంటారు. నాకు కాలువ గట్టు నడకలో ఆ తేడా తెలిసింది, బరువుల్లో తెలియలేదు.

ఏప్రిల్ సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. డెల్టా ఎండ రాయలసీమ ఎండ లాంటిది కాదు, గాలిలో తేమ వల్ల పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, చల్లబరచడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం తోయవలసి వస్తుంది, దాంతో డిసెంబరులో ఎత్తిన బరువే ఏప్రిల్‌లో ఎక్కువ శ్రమ పెడుతుంది. అది గమనించి ఉదయం బ్యాచ్‌ను అరగంట ముందుకు జరిపి, ఒక్కో వ్యాయామానికి ఒక సెట్టు తగ్గించి, సెట్ల మధ్య విరామం పెంచారు. మంచి నిర్ణయం. కానీ ఏసీ లేదు, కరెంటు పోతే జనరేటరు లైట్లకే తప్ప ఫ్యాన్లకు సరిపోదు. అలా రెండు పూటలు వ్యాయామం సగంలో ఆపి రావలసి వచ్చినా కార్డులో గడి మాత్రం కొట్టేశారు. వాడుకోని గడి తరువాతి వారానికి మారదు. పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళిన వారం నాకు నాలుగు గడులూ అలాగే పోయాయి. వారానికి నాలుగే ఇచ్చే చోట ఆ నాలుగింటికి ఇంత పిసినారితనం తగదు.

తలుపు యంత్రం కూడా మరీ మొండిది. బరువులకు అడ్డు చెప్పడం సరే గానీ, సెలవు రోజున వచ్చి పది నిమిషాలు ఒళ్ళు సాగదీసుకుని పోతానన్నా రానివ్వదు. కానిస్టేబుల్ ఉద్యోగాలకు 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్ళు కొందరు ఇక్కడ చేరి, ఈ నిబంధన మీద చికాకుపడి మానేశారు. వారికి ఇది తగిన చోటు కాదనే నేనూ అంటాను. వ్యాయామం రోజూ చేస్తే తప్ప మనసు నిలవదనేవారికీ తగదు. గతంలో ఒకసారి దెబ్బతిన్నవారికి, నలభై దాటినవారికి, ఉద్యోగమూ ఇల్లూ రెండూ మోస్తూ వారానికి నాలుగు గంటలకు మించి కేటాయించలేనివారికి మాత్రం నిస్సంకోచంగా చెబుతాను.

నా పుస్తకంలోని అంకెలు ఇవి. నవంబరులో ఖాళీ బార్‌తో, అంటే 20 కిలోలతో మొదలైన స్క్వాట్ ఏప్రిల్ చివరికి 45 కిలోలకు, నేల మీది బరువును పైకెత్తి నిలబడే డెడ్‌లిఫ్ట్ 30 నుంచి 60కి చేరాయి. పొద్దుటి నాడి 74 నుంచి 68కి దిగింది. బరువు రెండు కిలోలే తగ్గింది, అది తక్కువే, తగ్గడానికే చేరేవారు ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. భుజం నొప్పి లేదు, నల్లబల్ల పై వరుస కుడి చేత్తోనే రాస్తున్నాను.

మళ్ళీ ఆరు నెలలకు కట్టాను. ఈసారి కట్టేముందు మూడు కోరికలు కాగితం మీద రాసి ఇచ్చాను: కరెంటు పోయిన పూట గడి కొట్టకూడదు, రెండో పట్టికను కరపత్రంలో వేయాలి, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదికి లోపలి నుంచి గడియ పెట్టించాలి. గడియ మర్నాడే వచ్చింది. మిగిలిన రెండింటికీ యజమాని "చూద్దామండీ" అన్నారు. మా అత్తగారు సోమవారం సాయంత్రం నేను కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఇప్పుడేమీ అనడం లేదు, కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, దీనికెంత కట్టావమ్మా అని మాత్రం అడుగుతున్నారు.